పుర్రచెయ్యి పాఠం

పిల్లలూ! ముందుగా మీకొక చిన్న పరీక్ష పెడతాను. భయపడకండి, మార్కులు వెయ్యను. ఒక కాగితమూ, పెన్సిలూ తెచ్చుకోండి. రోజూ రాసే చేతిని వీపు వెనక దాచుకుని, రెండో చేత్తో మీ పేరు రాయండి.

రాశారా? ఎట్లా వచ్చింది? వానకు బయటపడ్డ ఎర్రల్లాగా అక్షరాలు మెలికలు తిరిగిపోయి ఉంటాయి. ఒకటి ఏనుగంత, ఒకటి చీమంత. మీరు పకపకా నవ్వి కాగితం అవతల పారేసి ఉంటారు. నాకు మాత్రం పారెయ్యటానికి వీలు లేకపోయింది. పోయిన వానాకాలంలో ఆరు వారాలపాటు నాకు ఆ రెండో చెయ్యే దిక్కయింది. అది ఎట్లా జరిగిందో చెబుతాను, వినండి.

నాకిప్పుడు అరవై ఆరో ఏడు. ముప్ఫై నాలుగేళ్లు బడిపంతులుగా పనిచేశాను. అందులో చివరి తొమ్మిదేళ్లూ హెడ్మాస్టరుగా ఉండి రిటైరయినాను. మా పెరట్లో పాతకాలపు నుయ్యి ఒకటి ఉన్నది. శ్రావణమాసపు ముసురుకు నూతి చపటా మీద పచ్చగా పాకుడు పట్టింది. "ఇటుకపొడి వేసి రుద్దించండి, ఎవరో ఒకరు జారిపడతారు" అని మా ఇంటావిడ మూడుసార్లు చెప్పింది. "ఆదివారం చేయిస్తాలే" అన్నాను. ఆ ఆదివారం ఇంకా రాకముందే, శుక్రవారంనాడు పొద్దున్నే నేను జారిపడ్డాను.

పడేటప్పుడు మనిషి ఆలోచించకుండానే చెయ్యి చాపుతాడు. ఒంటి బరువంతా అరచేతి మీద పడుతుంది. మోచేతికీ మణికట్టుకీ మధ్య రెండు ఎముకలు ఉంటాయని మీరు చదువుకున్నారు గదా. వాటిలో బొటనవేలి వైపున్న ఎముక, మణికట్టుకు కాస్త ఎగువన, పుటుక్కున విరుగుతుంది. అప్పుడు చేతిని పక్కనుంచి చూస్తే బోర్లించిన ముళ్ల చెంచాలాగా వంకర తిరిగి కనిపిస్తుంది. ఈ విధంగా విరగటాన్ని 1814లో ఐర్లండు దేశపు వైద్యుడు ఏబ్రహాం కాలిస్ వివరించి రాశాడు. రాంట్‌జన్ ఎక్స్‌రే కిరణాలను కనిపెట్టింది 1895లో. అంటే కాలిస్‌గారు ఎముకను కంటితో చూడకుండానే, చేతిని తడిమి చూసి అంత సంగతీ తెలుసుకున్నాడన్నమాట! ఆయన చెప్పినట్టే నా చెయ్యీ విరిగింది. అదీ కుడిచెయ్యి.

పట్నంలో ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు ఎముకను సరిగా కూర్చి, పిండికట్టు వేశాడు. తెల్లటి పొడి పట్టించిన గుడ్డపట్టీని నీళ్లలో ముంచి చేతికి చుట్టాడు. కాసేపటికి కట్టు వెచ్చబడసాగింది. "డాక్టరుగారూ, చెయ్యి కాలుతున్నదేమిటి?" అని కంగారుపడ్డాను. ఆయన నవ్వి, "మేష్టారూ, మీరు పిల్లలకు చెప్పిన పాఠమే గదా!" అన్నాడు. నిజమే సుమా, మరిచిపోయాను. జిప్సం అనే రాయిని వేడి చేస్తే, దానిలో ఇమిడి ఉన్న నీటిలో ముప్పాతిక భాగం పోయి పొడి అవుతుంది. ప్యారిస్ నగరం దగ్గర ఆ రాయి విస్తారంగా దొరికేది గనక ఆ పొడికి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అని పేరు వచ్చింది. మళ్లీ నీళ్లు తగిలితే, పోయిన నీటిని అది తిరిగి తీసుకుని రాయిగా మారుతుంది. అట్లా మారేటప్పుడు వేడి పుడుతుంది. దీన్ని గుడ్డపట్టీకి పట్టించి కట్టు కట్టే పద్ధతిని 1852లో మతైసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు లోకానికి తెలియజేశాడు.

"ఆరు వారాలు" అన్నాడు డాక్టరు.

ఇక్కడ మీకు ఒక నిజం చెప్పాలి. పెద్దవాళ్లు ఇటువంటివి సాధారణంగా చెప్పరు. మొదటి అయిదు రోజులూ నేను చాలా చెడ్డగా ప్రవర్తించాను. పళ్లు తోముకోవటం రాదు. చొక్కా గుండీ పెట్టుకోవటం రాదు. మగవాళ్ల చొక్కాకు గుండీలు కుడివైపున ఎందుకు కుడతారో కుడిచెయ్యి పోయినవాడికే తెలుస్తుంది! అన్నం చెంచాతో తింటే సగం ఒళ్లో పడేది. పప్పు బాగాలేదని మా ఇంటావిడ మీద కేకలు వేశాను. నిజానికి పప్పు బాగానే ఉన్నది. సాయంకాలాలు మా వీథి పిల్లలు లెక్కలు చెప్పించుకోవటానికి మా అరుగు మీదికి వస్తారు. వాళ్లను రావద్దని చెప్పి పంపేశాను. గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆపదలో ధైర్యం వదలకూడదని ఏటా వార్షికోత్సవంలో ఉపన్యాసం ఇచ్చిన మనిషినే నేను!

ఆరోనాడు మా మనవరాలు వచ్చింది. ఒకటో తరగతి చదువుతున్నది. పలకా బలపమూ నా మంచం మీద పెట్టి, "తాతయ్యా, నీకు రాయటం రాదుట గదా? నేను నేర్పిస్తాను" అన్నది. కోపం వచ్చింది, కాని దానిమీద ఎట్లా చూపను? ఎడమచేత బలపం పట్టుకుని "అ" రాయబోయాను. చెయ్యి కదలలేదు. అక్షరం నా బుద్ధిలో ఉన్నది, వేళ్లలో లేదు. చివరకు ఏదో గీశాను. అది చూసి పిల్ల, "తాతయ్యా, తిరగేసి రాశావు!" అని చప్పట్లు కొట్టింది. అద్దంలో చూసినట్టు కుడి ఎడమగా పడింది. అది వింత కాదని తరవాత జ్ఞాపకం వచ్చింది. అలవాటు లేని చేత్తో గబగబా రాయబోతే కొందరికి అక్షరాలు అట్లా తిరగబడతాయి. మహా చిత్రకారుడు లియొనార్డో డావించీ అయితే తన నోటు పుస్తకాలను చాలావరకు ఎడమచేత్తో, అద్దపు రాతలోనే నింపాడు.

మనవరాలు నా చెయ్యి పట్టి దిద్దించింది. "గుండ్రంగా తిప్పు. ఊఁ, మెల్లిగా. ఇంత తేలికది రాదేం?" అన్నది.

ఆ ఆఖరు మాట విన్నారూ? అది దానిది కాదు, నాది. ముప్ఫై నాలుగేళ్లలో ఆ మాట ఎన్ని వందలమంది పిల్లలతో అన్నానో! "అ" తేలికైనదని ఎవరికి? వచ్చినవాడికి. రానివాడికి అది కొండంత. పంతుళ్లకు శిక్షణ ఇచ్చే కాలేజీలో ఈ సంగతి నాకు చెప్పే ఉంటారు, పరీక్షలో రాసే ఉంటాను. తెలిసింది మాత్రం ఆనాడే.

సరే, రోజుకు అరగంట అభ్యాసం మొదలుపెట్టాను. మన శరీరంలో ఒక తమాషా ఉన్నది. కుడిచేతిని నడిపేది మెదడులో ఎడమభాగం. ఎడమచేతిని నడిపేది కుడిభాగం. మెదడు నుంచి దిగివచ్చే నరాల దారులు మెడకు పైన ఒకదానినొకటి దాటుకుంటాయి. అరవై ఏళ్లుగా రాత పని చేసిన భాగం ఇప్పుడు చేతులు కట్టుకుని కూర్చున్నది. కొత్త కూలీ పనిలోకి దిగాడు. కొత్త కూలీకి పని నేర్పాలంటే రోజూ కొంచెం కొంచెం, విసుగు లేకుండా చేయించాలి. మొదటి వారం పలక మీద అక్షరాలు. రెండో వారం రెండక్షరాల మాటలు. మూడో వారానికి నా సంతకం చేశాను. దొంగ సంతకంలాగా ఉన్నదనుకోండి!

ఆ రోజుల్లోనే, నేను క్లాసులో చాలాసార్లు చెప్పిన కథ ఒకటి నాకు మాటిమాటికీ జ్ఞాపకం వచ్చేది. మీరూ వినండి.

హంగరీ దేశపు సైన్యంలో కారొయ్ తకాచ్ అనే సార్జంటు ఉండేవాడు. పిస్తోలు గురి చూసి కాల్చటంలో గొప్ప మొనగాడు. 1936లో బెర్లిన్ ఒలింపిక్ పోటీలకు అతన్ని పంపలేదు. ఆ పోటీ ఆఫీసర్లకేగాని సార్జంట్లకు కాదన్నారు. తరవాత ఆ నియమం ఎత్తేశారు. ఇక 1940 ఒలింపిక్స్ మీద ఆశ పెట్టుకున్నాడు. ఇంతలో 1938లో, సైనిక శిక్షణ జరుగుతుండగా, చేతిబాంబు ఒకటి అతని కుడిచేతిలోనే పేలింది. పిస్తోలు పట్టే చెయ్యి పాడైపోయింది.

నెలరోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బయటికి వచ్చాక, ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో కాల్చటం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు, 1939లో హంగరీ దేశపు పోటీల దగ్గరికి వెళ్లాడు. పాపం, చూసిపోవటానికి వచ్చాడు కాబోలు అనుకున్నారు తోటివాళ్లు. అతను పోటీలో నిలబడి అందరినీ ఓడించాడు! కాని చూడండి, కష్టం అంతటితో తీరలేదు. ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. 1940లోనూ ఒలింపిక్స్ లేవు, 1944లోనూ లేవు. 1948లో లండన్‌లో జరిగేనాటికి అతనికి ముప్ఫై ఎనిమిదేళ్లు. అర్జెంటీనా నుంచి వచ్చిన ప్రపంచ చాంపియన్ అతన్ని చూసి, "మీరెందుకు వచ్చారు?" అని అడిగాడట. "నేర్చుకుందామని" అన్నాడట తకాచ్. ఆ నేర్చుకుందామని వచ్చినవాడు 580 పాయింట్లు కొట్టి, ప్రపంచ రికార్డుతో బంగారు పతకం పట్టుకుపోయాడు. అర్జెంటీనా అతనికి రెండో స్థానం వచ్చింది. 1952లో హెల్సింకీలో తకాచ్ మళ్లీ గెలిచాడు, తన దేశస్థుడి మీదనే, ఒక్కటంటే ఒక్క పాయింటు తేడాతో.

క్లాసులో ఈ కథ చెప్పేటప్పుడు నేను బంగారు పతకం దగ్గర గొంతు పెంచేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. మంచం మీద పడుకున్నప్పుడు మాత్రం నాకు పతకం జ్ఞాపకం రాలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి రోజున, ఎడమచేత్తో పేల్చిన మొదటి గుండు ఎక్కడికి పోయి ఉంటుందా అని ఆలోచించేవాణ్ణి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

కట్టు లావుకు నా చొక్కాల చేతులు ఎక్కటం లేదు. చెయ్యి విప్పి తాళ్లు కుట్టిస్తే బాగుంటుందని, ఎనిమిదోనాడు మా సంత వీథిలో దర్జీ దుకాణానికి వెళ్లాను. ఆ దర్జీ నా పాత శిష్యుడే. నన్ను చూసి లేచి నిలబడి, స్టూలు తుడిచి వేశాడు. కొలత తీసి, గుడ్డ మీద సుద్దతో గీత గీశాడు. ఎడమచేత్తో! కత్తెర తీశాడు. అదీ ఎడమచేత్తోనే, వెన్న కోసినట్టు కోస్తున్నాడు. నాకు కొత్తగా ఎడమచేతి పిచ్చి పట్టింది గదా, కళ్లప్పగించి చూశాను.

"ఇది ఎడమచేతి కత్తెర, మేష్టారూ. మీరట్ నుంచి తెప్పించుకున్నాను" అన్నాడు. మామూలు కత్తెరను కుడిచేత్తో పట్టి నొక్కితే రెండు అలుగులూ ఒకదానికొకటి ఒత్తుకుని గుడ్డ తెగుతుంది. అదే ఎడమచేత్తో నొక్కితే అలుగుల మధ్య సందు పడి, గుడ్డ తెగక మడత పడుతుంది. ఇంట్లో ప్రయత్నించి చూడండి, పెద్దవాళ్లను దగ్గర పెట్టుకుని.

తరవాత అతను కొలతలు పుస్తకంలో రాసుకోవటానికి పెన్సిలు తీశాడు. పెన్సిలు కుడిచేతిలోకి మారింది. అంత చురుకైన మనిషి నిలిచిపోయి, ఒక్కొక్క అంకే కూడబలుక్కుని రాస్తున్నాడు. అక్షరాలు రెండో తరగతి పిల్లవాడి అక్షరాల్లాగా వంకరటింకరగా ఉన్నాయి.

"అన్నీ ఎడమచేత్తో చేస్తున్నావు, రాతకు మాత్రం చెయ్యి మార్చావేమోయ్?" అన్నాను.

"కత్తెర నేను నేర్చుకున్నాను మేష్టారూ. రాత మీరు నేర్పారు గదా!" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. గౌరవంగానే అన్నాడు.

నాకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ముప్ఫై ఏళ్ల కిందటి మాట. నేను రెండో తరగతికి పాఠం చెప్పే రోజులు. ఈ కుర్రవాడు పలక మీద ఎడమచేత్తో నెమలి బొమ్మ వేసేవాడు, పించం కన్నులతో సహా. రాత కూడా ఆ చేత్తోనే. "పుర్రచేత్తో అక్షరం రాస్తే సరస్వతికి కోపం వస్తుందిరా" అని నేను రూళ్లకర్రతో వాడి కణుపుల మీద కొట్టాను. ఒకసారి కాదు. నెలరోజులపాటు చేతిగుడ్డతో వాడి ఎడమచెయ్యి వెనక్కి కట్టి ఉంచాను. వాడి మంచికే చేస్తున్నాననుకున్నాను. వాడి తండ్రి నాకు దణ్ణం పెట్టి వెళ్లాడు.

ఏడో తరగతితో చదువు మానేశాడు. "పరీక్షలో సగం రాసేసరికే గంట కొట్టేవారండీ" అన్నాడు నవ్వుతూ. ఇంట్లో ఇబ్బందులు కూడా ఉన్నవి, అంతా నా మూలంగానే అయిందని చెప్పలేను. కాని ఆ సగం కాగితం మాట నాకు తెలుసు.

పిల్లలూ, మీ తల్లిదండ్రులు కూడా ఈ పేజీ చదువుతారు గనక ఇక్కడ కొంచెం ఆగుతాను. ప్రపంచంలో ఇంచుమించు పదిమందిలో ఒకరు ఎడమచేతి వాటంగలవాళ్లు. ఇది దురలవాటు కాదు, పొగరు కాదు. తల్లి కడుపులో ఉండగా బిడ్డ ఏ బొటనవేలు నోట్లో పెట్టుకుంటున్నదో స్కానింగులో చూశారు. పుట్టి పెరిగాక చాలామందికి ఆ చెయ్యే వాటం అయినది. అంటే అక్షరాభ్యాసానికి చాలాముందే ఏర్పడే గుణం. అటువంటి బిడ్డ రాసేటప్పుడు కాగితం పైకొసను కొంచెం కుడివైపుకు వాల్చి పెట్టండి. పెన్సిలును మొనకు కాస్త దూరంగా పట్టుకోమనండి. అప్పుడు రాసినది చేతికింద కప్పుబడదు, సిరా పులుముకోదు. బెంచీ మీద ఎడమచివర కూర్చోబెడితే పక్కవాడి మోచెయ్యి తగలదు. ఇంతే చెయ్యవలసింది. ఈ నాలుగు మాటలు నాకు ముప్ఫై ఏళ్ల కిందట తెలిసి ఉంటే రూళ్లకర్రతో పని ఉండేది కాదు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం బళ్లో పిల్లలను కొట్టటాన్నే నిషేధించింది. మంచి పని చేశారు.

దర్జీ దుకాణం మెట్టు మీద ఏడేళ్ల పిల్ల ఒకతె కూర్చుని కాపీ రాసుకుంటున్నది. అతని కూతురే. నేను చూస్తుండగానే పెన్సిలు కుడిచేతిలోనుంచి మెల్లిగా ఎడమచేతిలోకి వెళ్లింది. "ఆ చెయ్యి కాదే!" అని తండ్రి కేక వేశాడు. పిల్ల ఉలిక్కిపడి చెయ్యి మార్చింది. "చూశారా మేష్టారూ, నా వాటమే వచ్చింది. మీరు నాకు మానిపించినట్టే నేనూ మానిపిస్తున్నాను" అన్నాడు.

ఆ పూట నేనేమీ మాట్లాడలేకపోయాను. చొక్కా తీసుకుని ఇంటికి వచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెయ్యి నొప్పి అని మా ఇంటావిడతో అన్నాను.

మర్నాడు బడికి వెళ్లి ఆ పిల్ల పంతులమ్మను కలిశాను. చిన్నపిల్ల, నాకంటే బాగా చదువుకున్నది. "నేను ఏ చేత్తో రాసినా ఏమీ అనను మేష్టారూ. వాళ్ల నాన్నగారే ఒప్పుకోవటం లేదు. తన పంతులుగారు అట్లా చెప్పారుట" అన్నది.

అక్కణ్ణించి సరాసరి దుకాణానికి వెళ్లాను. స్టూలు మీద కూర్చోలేదు. "నేను నీకు చేసింది తప్పురా" అన్నాను. ఆ మాట అనటానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పను. అతను మిషను ఆపాడు. "పాత సంగతులు ఇప్పుడెందుకు మేష్టారూ?" అని తల వంచుకున్నాడు. తరవాత చాలాసేపటికి, "ఆడపిల్ల గదా, రేపు అత్తవారింట్లో ఏమంటారో" అన్నాడు. "ఆ రేపటి సంగతి రేపు చూద్దాం. ఈ నాలుగు వారాలూ దాన్ని సాయంత్రాలు మా అరుగు మీదికి పంపు. నాకు ఎడమచేత్తో రాయటం రావటం లేదు. నాకు తోడు కావాలి" అన్నాను. ఇది సగం ఎత్తు, సగం నిజం.

ఆ పిల్ల వచ్చింది. రావద్దన్న పిల్లలు కూడా మెల్లిగా ఒక్కొక్కరే మళ్లీ వచ్చారు. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని రాసేవాళ్లం. మొదటి మూడు రోజులూ ఆ పిల్ల వీథి వైపు చూస్తూ, ఎవరైనా వస్తే గబుక్కున పెన్సిలు మార్చేది. నాలుగోనాడు మార్చటం మరిచిపోయింది. రెండో వారంలో ఒక పేజీ నిండా రాసింది, నేను ఏడు వరుసలు రాసేలోపల.

ఈలోగా నా ఎముక తన పని తాను చేసుకుంటున్నది. విరిగినచోట మొదట నెత్తురు గడ్డకడుతుంది. రెండు మూడు వారాలలో ఆ సందును మెత్తటి పదార్థం కప్పుతుంది. ముక్కు కొనలోనూ, చెవి దొప్పలోనూ ఉండే మృదులాస్థి వంటిది. తరవాత దానిలో సున్నం చేరి గట్టిపడుతుంది. మొదట్లో అతుకు దగ్గర బొడిపెలాగా ఉంటుంది. నెలల తరబడి శరీరమే దాన్ని చెక్కి చెక్కి నునుపు చేస్తుంది. మీ వంటి చిన్నవాళ్లకు ఇదంతా త్వరగా జరుగుతుంది. నా వంటివాడికి ఆలస్యం. కట్టు కోసి తీసినప్పుడు నా చెయ్యి చూసి నేనే జడుసుకున్నాను. పని లేక కండ కరిగి, చెయ్యి బెండకాయంత సన్నగా అయింది. మణికట్టు వంగదు. రబ్బరు బంతి పట్టుకుని రోజూ పిసికితే రెండు నెలలకు దారికి వచ్చింది.

ఇప్పుడు కుడిచేత్తో మామూలుగా రాయగలను. అయినా ఈ వ్యాసంలో మొదటి రెండు పేజీలు ఎడమచేత్తోనే రాశాను. సంపాదకులు చదువుకోలేక అవస్థపడి ఉంటే క్షమించాలి. దర్జీ మాత్రం ఇప్పటికీ కొలతలు కుడిచేత్తోనే రాస్తాడు. "ఇక నాకు మారదులెండి" అంటాడు. ఒకసారి మాత్రం, ఎవరూ లేనప్పుడు, కొలతల పుస్తకం చివరి అట్ట మీద నెమలి బొమ్మ వేస్తూ కనిపించాడు. నేను చూడనట్టు దాటి వెళ్లిపోయాను.

ఆ పిల్ల ఇంకా మా అరుగు మీదికి వస్తూనే ఉన్నది. నిన్న సాయంత్రం నేను ఎడమచేత్తో "క్ష" రాసి, బాగా కుదిరిందని మురిసిపోతూ పలక దాని ముందు పెట్టాను. అది తల పక్కకు వాల్చి, పంతులమ్మలాగా పరీక్షగా చూసి, "తలకట్టు మరిచిపోయారు, మేష్టారూ" అన్నది.